సంత రోజు మాత్ర

డి.ఫార్మసీ రెండేళ్ళు చదివి, ఆ పైన 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ పూర్తిచేసి, ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, 2014 జూన్‌లో నేను మొదటి ఉద్యోగంలో చేరాను. విశాఖపట్నంలో కేజీహెచ్ డౌన్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి దిగువ వీధిలో, ఒక మందుల షాపు. జీతం నెలకు ఐదున్నర వేలు. నాన్న పోర్టులో కలాసీగా పనిచేసేవారు, మా ఇల్లు కంచరపాలెం. ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి ఆడపిల్లను నేనే.

కేజీహెచ్ చూసినవాళ్ళకి ఆ వీధి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 1923లో మొదలైన ఆసుపత్రి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు, అటు ఒడిశా కొరాపుట్ వైపు నుంచి కూడా జనం వస్తారు. తెల్లారకముందే బస్సు దిగినవాళ్ళు టిఫిన్ బండి దగ్గర ఒక ప్లేటు ఇడ్లీ ముగ్గురు పంచుకుని తింటూ కనిపిస్తారు. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో గుడ్డసంచి, ఆ సంచిలో పాత చీటీలన్నీ మడతలు పెట్టి. వాళ్ళలో చాలామందికి మా షాపు ఆ రోజు ఆఖరి మజిలీ. చీటీ ఇచ్చి, మందులు తీసుకుని, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళి బస్సెక్కేస్తారు. మళ్ళీ నెలకో, రెండు నెలలకో వస్తారు. ఈలోపల ఆ మందులు ఎలా వేసుకుంటున్నారో చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. నాకు ఇది అర్థం కావడానికి కొన్ని నెలలు పట్టింది.

మొదటి నెల సార్ నన్ను కౌంటర్ దగ్గరికి రానివ్వలేదు. (షాపు యజమానిని అందరం సార్ అనేవాళ్ళం. ఆయన కూడా ఫార్మసిస్టే, అప్పటికి ముప్పై ఏళ్ళుగా అదే వీధిలో ఉన్నారు.) ర్యాకులు తుడవడం, కొత్త సరుకు వెనక, త్వరగా ఎక్స్‌పైరీ అయ్యేది ముందు సర్దడం, మూడు నెలల్లో గడువు తీరేవన్నీ విడిగా పెట్టడం, ఇదే పని. చదువుకున్న నాకు ఇదేం పని అని బాధపడ్డాను. ఇంటికెళ్ళి అమ్మతో అన్నాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నెల రోజుల్లోనే ఏ మందు ఎక్కడుందో నా చేతికి తెలిసింది. రద్దీలో కళ్ళతో వెతుక్కునే టైమ్ ఉండదు.

స్ట్రిప్ కత్తిరించడం కూడా నేర్పించారు. ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు స్ట్రిప్‌కి ఒక చివర అచ్చేసి ఉంటాయి. నాలుగు మాత్రలు అడిగితే ఆ చివర షాపులో ఉండిపోయేలా, రెండో వైపు నుంచి కత్తిరించాలి. లేకపోతే మిగిలిన మాత్రల గడువు ఎప్పుడో ఎవరికీ తెలియదు. మరి కొనుక్కున్నవాళ్ళకి తెలియొద్దా అని అడిగాను. అందుకే కవరు మీద మనం రాసివ్వాలి అన్నారు. పెద్దన్నయ్య, అంటే నాకన్నా పన్నెండేళ్ళు ముందు చేరిన సేల్స్‌మన్, ఎంత రద్దీలోనూ ఆ రాత మానడం నేను చూడలేదు.

ఆ ఏడాది మార్చి 1 నుంచే షెడ్యూల్ హెచ్1 నిబంధన అమల్లోకి వచ్చింది. కొన్ని రకాల యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, అలవాటైపోయే ప్రమాదమున్న కొన్ని మందులు అమ్మితే డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామో ఒక ప్రత్యేక రిజిస్టర్‌లో రాయాలి, దాన్ని మూడేళ్ళు దాచాలి. నా చేతిరాత బాగుందని ఆ రిజిస్టర్ నాకే అప్పగించారు. రాయడానికి ప్రతి చీటీ పూర్తిగా చదవాలి కాబట్టి డాక్టర్ల రాత దానివల్లే అలవాటైంది. అర్థం కాని అక్షరం ఉంటే ఊహించకూడదన్నది సార్ మొదటి మాట. ఫోన్ చేసి అడుగు, లేదా చీటీ తెచ్చినవాళ్ళని మళ్ళీ డాక్టరు దగ్గరికి పంపించు. వాళ్ళు విసుక్కుంటారు, పరవాలేదు అనేవారు. లోపల ఆసుపత్రిలో ఉచితంగా దొరికే మందని తెలిస్తే "లోపల ఇస్తారమ్మా, అక్కడే తీసుకోండి" అని వెనక్కి పంపేసేవారు. అలా పోగొట్టుకున్న బేరం గురించి ఆయన ఒక్కసారీ మాట్లాడలేదు.

ఆగస్టులో నన్ను కౌంటర్ మీద నిలబెట్టారు.

నాకు బాగా గుర్తున్న రోజు ఆ నెలాఖరులోనే. సుమారు అరవై ఏళ్ళామె, ఎస్.కోట (శృంగవరపుకోట) అవతల ఒక పల్లె. వేళ్ళ కణుపులు వాచి, సంచి కూడా మోచేతికి తగిలించుకుని వచ్చింది. కీళ్ళవాతం. చీటీలో మెథోట్రెక్సేట్, వారానికి ఒకటి. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్, మిగతా రోజుల్లో రోజుకొకటి. చదువుకున్నాను కాబట్టి నాకు తెలుసు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం పోవచ్చు కూడా. కాలేజీలో పరీక్షకు ఇదే ప్రశ్నకు జవాబు రాశాను. అందుకే ఆమెకి జాగ్రత్తగానే చెప్పాను. "అమ్మా, ఇది వారానికి ఒకటి. ఇది మిగతా రోజుల్లో రోజుకొకటి. మర్చిపోవద్దు." ఆమె తలూపింది. రెండు కవర్లు సంచిలో వేసుకుంది. డబ్బులిచ్చింది.

వెనక బిల్లుల బల్ల దగ్గర కూర్చున్న సార్ లేచి వచ్చారు. "అమ్మా, ఓసారి ఇలా రండి. ఆ మాత్రలు ఎలా వేసుకుంటారో నాకు చెప్పండి" అన్నారు.

ఆమె ఒక కవరు తీసింది. "ఇది రోజూ రాత్రి ఒకటేసుకోమందండి ఈ పాప. ఇదేమో వారానికోటి."

ఆమె చేతిలో రోజూ వేసుకుంటానని చూపించింది మెథోట్రెక్సేట్.

నా ఒళ్ళంతా చల్లబడిపోయింది. నేను తప్పు చెప్పలేదు, కవర్ల మీద తప్పు రాయలేదు. కానీ ఆమెకి చదవడం రాదు. రెండు కవర్లూ ఒకేలా ఉన్నాయి. మా దగ్గర ఆ రోజు ఉన్న ఆ రెండు మందులూ పసుపు రంగు చిన్న మాత్రలే. నా ముందు తలూపిందంటే అర్థమైందని కాదు. బస్సు పోతుందేమోనన్న కంగారులో, కౌంటర్ అవతల నిలబడ్డ చదువుకున్న పిల్ల చెబుతోందన్న మొహమాటంలో ఎవరైనా అలాగే తలూపుతారు. సార్ లేవకపోతే ఆ కవర్లు ఎస్.కోట బస్సెక్కేసేవి.

సార్ నన్ను ఆమె ముందు ఒక్క మాట అనలేదు. ఆమెని బల్ల మీద కూర్చోబెట్టారు. మంచినీళ్ళిచ్చారు. మెథోట్రెక్సేట్‌ని వేరే రంగు కవర్లో వేయించి, ఆ కవరు నోటికి దారం చుట్టించారు. దారం కట్టింది వారానికోటి అన్నమాట. తర్వాత "వారంలో ఏ రోజు మీరు మర్చిపోరు?" అని అడిగారు.

ఆమె కాసేపు ఆలోచించి "బుదారం మా ఊల్లో సంతండి. అదెలా మర్సిపోతాను?" అంది.

"అయితే బుధవారం. సంత నుంచి వచ్చి, అన్నం తిని, దారం విప్పి ఒక్క మాత్ర వేసుకుని మళ్ళీ దారం కట్టేయండి. మిగతా ఆరు రోజులూ రెండో కవరు. ఇప్పుడు మీరు చెప్పండి."

చెప్పింది. సార్ మళ్ళీ చెప్పమన్నారు. మూడోసారి ఆమె నవ్వి "సంత రోజు మాత్రండి ఇది. రోజూ ఏసుకుంటే సచ్చిపోతాను. ఎల్లనా మరి, బస్సు పోద్ది" అంది. నెల నెలా రక్తపరీక్ష చేయించుకోమని డాక్టరు గారు చెప్పారా అని కూడా అడిగి పంపారు.

ఆమె వెళ్ళాక సార్ నాతో అన్న మాట ఇది. "నువ్వు చెప్పడంతో పని అవ్వదమ్మా. వాళ్ళు తిరిగి చెప్పాక అవుతుంది." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతకుముందు రోజుల్లో నేను కౌంటర్ మీద ఎంతమందికి చెప్పాను, వాళ్ళలో ఎంతమంది ఊరికే తలూపి వెళ్ళారు అని లెక్క వేసుకుంటూ పడుకున్నాను.

తర్వాత రోజు నుంచి అందరి దగ్గరా తిరిగి చెప్పించుకోవడం మొదలుపెట్టాను. ఎన్ని బయటపడ్డాయో! ఆయాసానికి పరికరంలో పెట్టి పీల్చే క్యాప్సూల్స్ ఇస్తాం కదా, ఒకాయన వాటిని రెండు నెలలుగా నీళ్ళతో మింగుతున్నాడు. ఆయాసం తగ్గట్లేదని డాక్టరుని మార్చేశాడు కూడా. క్షయకి రిఫాంపిసిన్ వాడుతున్న ఒక కుర్రాడు, మూత్రం ఎర్రగా వస్తోందని భయపడి రెండు రోజులుగా మందు ఆపేశాడు. ఆ మందుకి మూత్రం నారింజ రంగులోకి మారడం మామూలే, రక్తం కాదు. ఆ ఒక్క ముక్క మొదటి రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఆపేవాడు కాదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలని తెలియక టిఫిన్ తర్వాత వేసుకునేవాళ్ళకి లెక్కే లేదు.

చదవడం రానివాళ్ళకి కవరు మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసిచ్చేదాన్ని. పొద్దున్న వేసుకోవాల్సిన దానికి సూర్యుడు, రాత్రిదానికి నెలవంక. ఒడిశా వాళ్ళ కోసం సకాళె, రాతి అనే రెండు మాటలు నేర్చుకున్నాను. ఒకావిడ ఆ రెండు మాటలు నా నోట విని, ఇక నాకు ఒడియా అంతా వచ్చనుకుని తన కష్టాలన్నీ చెప్పుకుంది. ఏమీ అర్థం కాలేదు. కానీ ఆమెని ఆపాలనిపించలేదు.

కౌంటర్ ముందు లైను పెరిగిపోయేది. "ఏటమ్మా ఇంత లేటు" అని కోప్పడేవాళ్ళు. పక్క షాపుకి వెళ్ళిపోయేవాళ్ళు. పెద్దన్నయ్య కూడా మొదట్లో విసుక్కున్నాడు. సార్ మాత్రం మూడో మనిషిని కౌంటర్‌కి పెట్టారు తప్ప నన్ను తొందరపెట్టలేదు. ఆయన ఆ రోజు ఆ ఖర్చు చూసుకుని ఉంటే నేను ఈ అలవాటు అక్కడే వదిలేసేదాన్ని. మొదటి ఉద్యోగంలో పైనున్నవాళ్ళు దేన్ని సహిస్తారో, దేన్ని సహించరో అదే మనం పనంటే అనుకుంటాం. ఈ విషయంలో నాది అదృష్టం.

అక్టోబరు వచ్చింది. తుపాను హెచ్చరికలు రెండు మూడు రోజుల ముందు నుంచే వస్తున్నాయి. 11వ తేదీ శనివారం రాత్రి షాపు మూసే ముందు సార్ ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్‌లో ఖాళీ ఉన్న చోటల్లా నీళ్ళ సీసాలు పెట్టించారు. లోపల చల్లటి నీళ్ళు ఎక్కువుంటే కరెంటు పోయినా చలవ ఎక్కువసేపు నిలుస్తుందట. పై అరలో ఐస్ ప్యాకులు గడ్డకట్టించి ఉంచారు.

12న ఆదివారం హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదే తీరం దాటింది. ఆ గాలి శబ్దం గురించి ఎంత చెప్పినా విననివాళ్ళకి తెలియదు. మధ్యలో కాసేపు అంతా ఆగిపోతే మా వీధిలో కొందరు అయిపోయిందనుకుని బయటికొచ్చారు. నాన్న సముద్రం పక్కన పనిచేసే మనిషి కదా, "తుపాను కన్ను మన మీదుంది, లోపలికి పదండి" అని అందర్నీ అరిచి పంపించారు. తర్వాత వచ్చిన గాలికి మా వంటింటి రేకులు ఎగిరిపోయాయి.

సోమవారం పొద్దున్న నడిచి బయల్దేరాను. ఫోన్లు లేవు, బస్సుల్లేవు. రైల్వేస్టేషన్, డాబాగార్డెన్స్, జగదాంబ మీదుగా పడిపోయిన చెట్ల కింద నుంచి దూరి, కరెంటు తీగలు తప్పించుకుంటూ వెళ్ళేసరికి రెండున్నర గంటలు పట్టింది. నీడ లేని జగదాంబ రోడ్డు అప్పుడే చూశాను. షాపు బోర్డు లేదు. సార్ షట్టర్ సగం ఎత్తి, కొవ్వొత్తి పెట్టుకుని అప్పటికే మందులిస్తున్నారు. గాజు పెంకులు, రేకులు కోసుకుపోయినవాళ్ళే ఎక్కువ. దూది, బ్యాండేజీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. ఏటీఎంలు పనిచేయక జనం చేతిలో డబ్బుల్లేవు. పేరు, ఊరు, ఎంతో పుస్తకంలో రాసుకుని మందులిచ్చాం. ఆ పుస్తకం కూడా నేనే రాశాను.

అసలు టెన్షన్ ఫ్రిజ్ గురించి. వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రెండు రోజుల పాటు రోజుకి రెండుసార్లే తలుపు తీశాం, థర్మామీటర్ చూసి కాగితం మీద రాశాం. మంగళవారం సాయంత్రానికి 8 దాటింది. ఊళ్ళో ఎక్కడా ఐస్ దొరకట్లేదు. ఆ రాత్రి సార్ ఒక నిర్ణయం తీసుకున్నారు. ఇన్సులిన్ మరీ ఎక్కువ వేడి తగలకుండా ఉంటే బయట కూడా నాలుగు వారాలు పనిచేస్తుంది. కాబట్టి ప్రతి పెట్టె మీద "14వ తేదీ నుంచి ఫ్రిజ్ బయట" అని ఎర్ర ఇంకుతో రాయించారు. నెలలోపు వాడేసేవాళ్ళకి, ఆ సంగతి వివరంగా చెప్పి, వాళ్ళు తిరిగి చెప్పాకే ఇచ్చేవాళ్ళం. రెండు మూడు నెలలకి నిల్వ కోసం అడిగినవాళ్ళకి ఇవ్వలేదు. టీటీ ఇంజెక్షన్లు, ఇతర వ్యాక్సిన్లు అసలు అమ్మొద్దన్నారు. టీటీ కోసం వచ్చినవాళ్ళని ఆసుపత్రి లోపలికి పంపాం.

ఇన్సులిన్ చల్లగా ఉంచడానికి ఇంటి నుంచి రెండు మట్టికుండలు తెచ్చాను. పెద్దదాంట్లో చిన్నది పెట్టి, మధ్యలో బీచ్ ఇసుక పోసి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళతో తడిపాం. పైన తడిగుడ్డ. బయట 32 డిగ్రీలున్నప్పుడు లోపల 28 ఉండేది. విశాఖ గాలిలో తడి ఎక్కువ కదా, అంతకన్నా దిగలేదు. ఇళ్ళలో ఇన్సులిన్ ఉన్నవాళ్ళకి కూడా ఇదే చేయమని చెప్పాం. ఐస్ దొరికినా సీసాని నేరుగా ఐస్‌కి ఆనించొద్దని, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదని ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని. ఎనిమిదో రోజు సాయంత్రం షాపుకి కరెంటు వచ్చింది. అమ్మకుండా విడిగా పెట్టిన సరుకంతా ఒక డబ్బాలో వేసి పారేశాం, సుమారు పద్దెనిమిది వేల రూపాయలది. సప్లై చేసినవాళ్ళు వాపసు తీసుకోలేదు. పెద్దన్నయ్య, "కొన్నిటికి ఏమీ అయ్యుండదు సార్" అన్నాడు. "అయ్యిందో లేదో పైకి కనిపించదు కదా" అని సార్ ఆ డబ్బాలోకి చూస్తూ కాసేపు నిలబడ్డారు. అప్పు పుస్తకంలో పేర్లున్నవాళ్ళు మాత్రం నవంబరంతా ఒక్కొక్కరే వచ్చి కట్టారు. రావాల్సినవి కొన్ని మిగిలాయి, వాటిని ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఈ మధ్యలో, అక్టోబరు ఆఖరి వారంలో ఒకరోజు ఎస్.కోట అమ్మ వచ్చింది. ఈసారి నడకే కష్టంగా ఉంది. మోకాళ్ళు, మణికట్లు వాచిపోయాయి. ఆమె ఇల్లు ఏమైందో అడిగాను. పాక పడిపోయిందట, చెల్లెలి ఇంట్లో ఉంటోందట. సంచిలోంచి దారం కట్టిన కవరు తీసి కౌంటర్ మీద పెట్టింది. తడిసి ఆరిన కవరు, దారం ముడి అలాగే ఉంది. లెక్కపెడితే రెండు మాత్రలు ఎక్కువున్నాయి.

"అమ్మా, వేసుకోలేదా?"

"సంత జరగలేదు కదమ్మా" అంది. "రెండు వారాలూ జరగలేదు. రోడ్డు మీద సెట్లు పడిపోయి ఎవులూ రాలేదు. సంత లేనప్పుడు మాత్రెలా ఏసుకుంతాను?"

నేను సార్ వైపు చూశాను. ఆయన కూడా కాసేపు మాట్లాడలేకపోయారు. ఆమె మేం చెప్పింది చెప్పినట్టే చేసింది. మర్చిపోలేదు, నిర్లక్ష్యం చేయలేదు. ఇల్లు కూలిన రాత్రి కూడా ఆ కవరు కాపాడుకుంది. ఆమె చేత మూడుసార్లు తిరిగి చెప్పించామని గర్వపడ్డాను, కానీ సంత లేకపోతే ఏం చేస్తావని మేం ఒక్కసారీ అడగలేదు.

మానేసిన మాత్రలు కలిపి ఒకేసారి వేసుకోకూడదని ముందు అదే చెప్పాను, తిరిగి చెప్పించుకున్నాను. పెద్దన్నయ్యని కౌంటర్ చూడమని, ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి డాక్టరు గారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన వాపు చూసి, రక్తపరీక్ష రాసి, పాత మోతాదే మళ్ళీ మొదలుపెట్టమన్నారు. తిరిగొచ్చాక ఆమెని అదే బల్ల మీద కూర్చోబెట్టాను. చెల్లెలి ఇంట్లో చదువుకునే పిల్లలున్నారా అని అడిగితే, మనవరాలు వరసయ్యే పిల్ల ఆరో తరగతి చదువుతోందంది.

కొత్త కవరు తీసుకుని దారం కట్టాను. ఆ పిల్ల చదివి చెప్పేలా పెద్ద అక్షరాలతో రాశాను: బుధవారం. సంత ఉన్నా, లేకపోయినా.